కొత్తగా బిగిసిందా, ఎప్పుడూ అంతేనా?

మగవాడి అంగం కొసన ఉండే చర్మానికి తెలుగులో పేరేంటో మీలో ఎంతమందికి తెలుసు? ముందోలు. ముందు ఉండే తోలు కాబట్టి ముందోలు. చక్కటి మాటే గానీ మా నూజివీడు వైపు దాన్ని పైకి అన్నవాణ్ణి ఒక్కణ్ణి కూడా నేను చూడలేదు. తెలుగు బైబిల్లో గోప్యాంగ చర్మం అని ఉంటుంది. సున్నతి ప్రస్తావన వచ్చినప్పుడు పాస్టరుగారు ఆడా మగా పిల్లా జెల్లా అందరి ముందూ గట్టిగా చదివేస్తారు, ఎవరూ ఏమీ అనుకోరు. మిగతా అన్ని చోట్లా "అక్కడ", "కింద", "ఆ ప్లేసులో". డాక్టరు ఎదురుగా కూర్చుని కూడా "అక్కడ కొంచెం ప్రాబ్లం సార్" దగ్గరే ఆగిపోతాం. నల్ పాయింటర్ ఎక్సెప్షన్ ఎక్కడొచ్చిందో లైను నంబరుతో సహా చెప్పే మనం!

ఆ చర్మం బిగుతుగా ఉండి వెనక్కి రాకపోవడాన్ని ఫైమోసిస్ అంటారు. గ్రీకులో ఆ మాటకి మూతి బిగించడం అని అర్థం. పైరులో గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కడతారే, అదన్నమాట. మాట వినడానికి భయంగా ఉంది గానీ చాలామందిలో విషయం అంత భయపడాల్సింది కాదు. కొందరిలో మాత్రం తప్పకుండా పట్టించుకోవాల్సింది. ఎవరు ఏ లెక్కలోకి వస్తారో తెలియకే ఇబ్బందంతా.

బగ్ రిపోర్టు రాగానే టెస్టరుని మనం మొదట అడిగేది ఏంటి? "ఇది ఇంతకు ముందు పనిచేసిందా?" అని. నిన్నటి బిల్డులో పనిచేసి ఇవాళ ఆగిపోయిందంటే మధ్యలో ఏదో మారింది, అదేంటో వెతకాలి. ఆ ఫీచరు ఇంకా రాయనే లేదంటే అది బగ్గే కాదు, ఆగితే చాలు. ముందోలు విషయంలో కూడా సగం జవాబు ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. ఎప్పుడూ ఇంతేనా, లేక కొత్తగా బిగిసిందా? చిత్రమేంటంటే మనవాళ్ళు దీన్ని సరిగ్గా తిరగేసి పట్టుకున్నారు. రెండేళ్ళ పిల్లాడికి చర్మం వెనక్కి రావట్లేదని కంగారుపడి హాస్పిటళ్ళు తిరుగుతారు. యాభై దాటిన మనిషికి మొన్నటిదాకా వచ్చిన చర్మం ఇవాళ రాకపోతే, వయసు మీద పడింది లెమ్మని ఊరుకుంటారు.

ముందు పిల్లల సంగతి చెప్పేస్తా. మగపిల్లాడు పుట్టినప్పుడు ఆ చర్మం లోపలి పొర అంగం తలకి అంటుకునే ఉంటుంది. గోరు కింది కండకి అంటుకుని ఉంటుంది చూడండి, దాదాపు అలాగ. ఏళ్ళు గడిచే కొద్దీ ఆ రెండూ వాటంతట అవే విడిపోతాయి, కొసన ఉన్న రంధ్రం కూడా సాగుతుంది. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అనే బ్రిటిష్ పిల్లల డాక్టరు దీని మీద ఒక వ్యాసం రాశాడు. అప్పుడే పుట్టిన పిల్లల్లో చర్మం పూర్తిగా వెనక్కి వచ్చేది నూటికి నలుగురికేనట. అంటే మిగిలిన 96 మందికీ పుట్టుకతోనే "ఫైమోసిస్" ఉన్నట్టు! 1968లో యాకబ్ ఓస్టర్ అనే డెన్మార్క్ డాక్టరు బడిపిల్లల్ని కొన్నేళ్ళపాటు మళ్ళీ మళ్ళీ పరీక్ష చేసి ఇంకో లెక్క తేల్చాడు. 6, 7 ఏళ్ళ వాళ్ళలో నూటికి 8 మందికి బిగుతు ఉంటే, 16, 17 వచ్చేసరికి అది నూటికి ఒక్కరికి తగ్గింది. కత్తి పెట్టాల్సిన పని చాలామటుకు వయసే చేసేసిందన్నమాట.

మన ఇళ్ళల్లో దీనికి అడ్డం పడేది పసిపిల్లల స్నానం. నీళ్ళు పోసే ఆవిడ కాళ్ళు చాపుకుని పిల్లాణ్ణి కాళ్ళ మీద వేసుకుని, నూనె రాసి, సెనగపిండితో నలుగు పెట్టి, ముక్కు నొక్కి, తల గుండ్రంగా రావాలని ఒత్తి, చివర్లో కొబ్బరినూనె చుక్క వేసి ఆ చర్మాన్ని కూడా వెనక్కి లాగుతుంది. "ఇప్పుడు లాగకపోతే రేపు పెళ్ళయ్యాక ఇబ్బంది పడతాడమ్మా" అంటుంది. నాయనమ్మలూ అమ్మమ్మలూ తలూపుతారు. ఆవిడ దురుద్దేశంతో ఏమీ చేయదు, పాపం. కానీ అంటుకుని ఉన్న చర్మాన్ని లాగితే లోపల సన్నగా చిరుగుతుంది. చిరిగిన చోట మచ్చ కడుతుంది. మచ్చకి సాగే గుణం ఉండదు. అప్పటిదాకా లేని జబ్బు అప్పుడు నిజంగానే వస్తుంది. మా వైపు చిన్నరసాలు వరిగడ్డిలో వేసి మాగపెడితే పండటానికి రోజులు పడుతుంది. ఆగలేక కార్బైడ్ పొట్లం పెడితే తొక్క త్వరగా పసుపెక్కుతుంది, కోసి చూస్తే టెంక దగ్గర పులుపు. మామిడికాయైతే ఒక బుట్ట పోయిందనుకోవచ్చు.

అందుకని ఇంట్లో చంటిపిల్లాడు ఉన్నవాళ్ళు ఆ చర్మాన్ని దాని మానాన దాన్ని వదిలేయండి. పైనించి నీళ్ళతో కడిగితే చాలు. సబ్బు లోపలికి పట్టించక్కర్లేదు, డెట్టాల్ అసలే వద్దు. తనంతట తను వెనక్కి రావడం మొదలయ్యాక, స్నానంలో వచ్చినంత వరకే తనే జరుపుకుని, కడుక్కుని, మళ్ళీ ముందుకు తెచ్చుకోవడం పిల్లాడికి నేర్పితే సరి.

తల్లిదండ్రుల్ని బాగా భయపెట్టేవి రెండున్నాయి. మూత్రం పోసేటప్పుడు చర్మం బుడగలా ఉబ్బడం ఒకటి. చర్మం కింద తెల్లటి పూసల్లాంటివి కనపడటం రెండోది. పిల్లాడికి నొప్పి లేకుండా, ముక్కకుండా ధార వస్తుంటే ఉబ్బడం ఒక్కటే జబ్బు కాదు. పొరలు విడిపోతున్న దశలో అలా అవుతుంది. ఆ తెల్ల పూసలు రాలిన చర్మకణాలు పోగుపడినవి, చీము కాదు, వాటంతట అవే బయటికొస్తాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సింది ఎప్పుడంటే... మూత్రం పోయడానికి ఏడుస్తున్నా, ధార దారంలా సన్నబడినా, చుక్కలు చుక్కలుగా వస్తున్నా, కొస మాటిమాటికీ ఎర్రగా వాచి చీము వస్తున్నా, మూత్రంలో ఇన్ఫెక్షనుతో జ్వరాలు తిరగబెడుతున్నా, అప్పటిదాకా వస్తున్న చర్మం రావడం మానేసినా, రంధ్రం చుట్టూ తెల్లగా గట్టిగా రింగు కట్టినా. అసలు మూత్రమే రాకపోతే తెల్లారేదాకా కూడా ఆగొద్దు. ఇవేవీ లేకుండా "ఇంకా వెనక్కి రావట్లేదు" అన్న ఒక్క కారణం మీద నాలుగేళ్ళ పిల్లాడికి ఆపరేషను అన్నారంటే, ఇంకో పిల్లల సర్జన్ని అడిగి చూడటంలో తప్పేం లేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఇదే విషయం ఇంకో రూపంలో ఎదురవుతుంది. కాన్పు అయిన మర్నాడు, నిద్రలేక కళ్ళు మూతలు పడుతున్నప్పుడు, నర్సు వచ్చి "సర్కమ్‌సిషన్ చేయించాలా?" అని అడుగుతుంది. ఇక్కడి నుంచి వెళ్ళిన అత్తగారు పక్కనే ఉంటారు, ఆవిడకి దాన్ని తెలుగులో ఎలా చెప్పాలో అల్లుడికి తోచదు :) అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం 2012లో చెప్పిందేంటంటే, లాభాలు నష్టాల కంటే ఎక్కువే, కానీ పుట్టిన ప్రతి పిల్లాడికీ చేయమనేంత కాదు, తల్లిదండ్రులే నిర్ణయించుకోవాలి అని. చేయించినా చేయించకపోయినా ఆ నిర్ణయం కాన్పుకి ముందే తీరిగ్గా కూర్చుని తీసుకోండి. ఒక్క విషయం మాత్రం గుర్తుంచుకోవాలి. పుట్టుకతో మూత్రరంధ్రం కొసన కాకుండా కింది వైపు ఉన్న పిల్లలకి ఆ చర్మం తీయించకూడదు. తర్వాత ఆ లోపాన్ని సరిచేసే ఆపరేషనులో ఆ చర్మమే పనికొస్తుంది.

ఇప్పుడు మన వయసు వాళ్ళు. మొదటి నుంచీ కొంచెం బిగుతుగానే ఉండి, ఎవరికీ చెప్పుకోక, పెళ్ళి కుదిరాక గుండె గుభేలుమనే రకం. ఇంజనీరింగ్ హాస్టల్లో ఇలాంటివాళ్ళు ఫ్లోరుకి ఒకరైనా ఉంటారని నా అంచనా (లెక్కేమీ లేదు, అంచనానే). వీళ్ళ కోసమే కాచుకుని ఉంటాయి బస్టాండు గోడల మీద ఆ ప్రకటనలు. ఫలానా తారీఖున ఫలానా లాడ్జిలో డాక్టరుగారు దొరుకుతారని. వెళ్ళినవాడికి లేని జబ్బులు నాలుగు చెప్పి, వేలకి వేలు గుంజి లేహ్యం డబ్బా చేతిలో పెడతారు. అసలు సంగతేంటంటే ముందోలు బిగుతుకీ మగతనానికీ సంబంధం లేదు. దాని వల్ల నపుంసకత్వం రాదు, వీర్యం తగ్గదు. నొప్పి లేకుండా, శుభ్రం చేసుకోవడానికి ఇబ్బంది లేకుండా ఉంటే కొంచెం బిగుతుకి ఏ వైద్యమూ అక్కర్లేదు. అంగస్తంభన సమయంలో నొప్పి పెడుతున్నా, చీలికలు పడుతున్నా, కలయిక కష్టంగా ఉన్నా అప్పుడు యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. కొందరికి బిగుతు చర్మంలో ఉండదు. అడుగున సన్నటి తాడులాంటి మడత ఒకటి ఉంటుంది, అది పొట్టిగా ఉంటుంది. మొదటి రాత్రుల్లో అది చిట్లి రక్తం వచ్చి ఇద్దరూ హడలిపోతారు. గట్టిగా అదిమి పట్టుకుంటే మామూలుగా ఆగుతుంది, ఆగకపోతే ఆసుపత్రికి వెళ్ళాలి. మళ్ళీ మళ్ళీ చిట్లుతుంటే చిన్న ఆపరేషనుతో సరిచేస్తారు.

ఆపరేషను కంటే ముందు ప్రయత్నించేది ఆయింట్‌మెంట్. బీటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్‌ని బిగుతుగా ఉన్న రింగు మీద రోజుకి రెండుసార్లు, నాలుగు నుంచి ఎనిమిది వారాలు పల్చగా రాయమంటారు. దాంతోపాటు నొప్పి పుట్టనంత వరకే చర్మాన్ని మెల్లగా సాగదీయడం. మచ్చ కట్టని బిగుతు చాలామందిలో దీనికే లొంగుతుంది, ముఖ్యంగా పిల్లల్లో. మెల్లగా సాగదీయడం అన్నది కొత్త ఆలోచనేం కాదు. సుశ్రుత సంహితలో ఈ జబ్బు పేరు నిరుద్ధప్రకశం. ఇనుముతోనో చెక్కతోనో లక్కతోనో రెండు వైపులా రంధ్రమున్న గొట్టం చేసి, నెయ్యి రాసి పెట్టి, మూడేసి రోజులకోసారి ఇంకొంచెం లావు గొట్టానికి మార్చమని అందులో ఉంది. (ఇంట్లో ప్రయత్నించకండి బాబూ, ఆయింట్‌మెంట్ వచ్చింది కదా.)

ఆ ఆయింట్‌మెంట్ అయినా డాక్టరు చూసి రాస్తేనే. ఎందుకో మా బాబాయి సంగతి చెబితే అర్థమవుతుంది. పేరూ ఊరూ చెప్పనంటేనే రాసుకోమన్నాడు.

ఆయనకి నూజివీడు పక్కనే ఆరెకరాల మామిడితోట ఉంది. బంగినపల్లి, చిన్నరసాలు, గట్ల వెంట కలెక్టరు కాయ (మీరు తోతాపురి అంటారు). వయసు అరవై దాటింది, షుగరు పదేళ్ళ నుంచీ. కోతల రోజుల్లో వేళకి తిండి ఉండదు, వేళకి మాత్ర ఉండదు, పండు మాత్రం చేతికందేంత దూరంలో ఉంటుంది. మొన్నామధ్య వేసవిలో వెళ్ళినప్పుడు రాత్రి కాపలాకి ఆయనతో తోటలో పడుకున్నా. చీకట్లో అవతలి మంచం మీంచి అడిగాడు.

"ఏరా, హైదరాబాదులో నీకు డాక్టర్లెవరన్నా తెలుసా?"

"ఎందుకు బాబాయ్?"

"ఊరికే. మూత్రం పోసుకునే చోట తోలు పగులుద్దంటావా మనిషికి?"

మొహం కనపడదు కాబట్టి అడగగలిగాడనుకుంటా. ఎనిమిది నెలలుగా ఆ పగుళ్ళున్నాయట. కొసన చర్మం ఎర్రబడి, దురదపెట్టి, అంచు వెంట సన్నగా చీలడం. మెడికల్ షాపు కుర్రాడు తామర మందని ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే వారం హాయిగా ఉండేది, మానేస్తే రెట్టింపయ్యేది. అలా ట్యూబుల మీద ట్యూబులు. చీలిన ప్రతిసారీ మానేటప్పుడు ఇంకొంచెం బిగిసి, చివరికి చర్మం వెనక్కి రావడమే మానేసింది. మూత్రం లోపల నిలిచి, తర్వాత చుక్కచుక్కగా కారి లుంగీ తడుస్తోందని పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేశాడు.

"పిన్నికి చెప్పావా?"

"ఏమని చెప్పను రా?"

ఆ ట్యూబుల్లో ఉండేది స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన కలగూరగంప. దురద తగ్గించేది స్టెరాయిడే, ఫంగస్‌ని లోపల పెంచి పోషించేదీ అదే. పైన పిల్లల బిగుతుకి మేలు చేస్తుందని చెప్పిన మందే ఇక్కడ కీడు చేస్తుంది. ఒళ్ళంతా తామర పాకించుకుంటున్న జనాన్ని చూసి చర్మవైద్యులు గోల పెడితే, 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతమందుల్ని చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలోకి తెచ్చింది. షాపుల్లో ఎంతవరకు అమలవుతోందో మీకు నేను చెప్పక్కర్లేదు.

బెజవాడలో యూరాలజిస్టు బాబాయిని మొదట అడిగిన ప్రశ్న నేను పైన రాసిందే, ఎప్పుడూ ఇంతేనా, కొత్తగా వచ్చిందా అని. రెండో ప్రశ్న, షుగరుకి ఏం మాత్రలు వాడుతున్నారు? బాబాయి చొక్కా జేబులోంచి స్ట్రిప్పులు తీసి బల్ల మీద పెట్టాడు. అందులో డాపాగ్లిఫ్లోజిన్ ఉంది. మూడు నెలల షుగరు 10.4 వచ్చింది. 6.5 దాటితేనే షుగరు జబ్బు కింద లెక్క.

ఈ మాత్ర గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే మీ ఇళ్ళల్లో కూడా ఎవరో ఒకరు వాడుతూ ఉంటారు. మామూలుగా మూత్రపిండాలు చక్కెరని వడగట్టి మళ్ళీ రక్తంలోకి లాక్కుంటాయి. ఆ లాక్కోవడాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. అలా రోజుకి సుమారు 70 గ్రాముల చక్కెర మూత్రంలో పోతుంది, అంటే పద్నాలుగు పదిహేను చెంచాల పంచదార. దీని మూలపురుషుడు 1835లో ఆపిల్ చెట్టు బెరడు నుంచి తీసిన ఫ్లోరిజిన్ అనే పదార్థం (పళ్ళచెట్టు పెట్టిన షుగరుని పళ్ళచెట్టే దింపుతుందని బాబాయి నవ్వాడు). గుండెకీ మూత్రపిండాలకీ మేలు చేసే మంచి మందు. 2020లో పేటెంటు గడువు తీరడంతో మన దేశంలో చవకైంది, అన్ని ఊళ్ళకీ చేరింది. ఎంపాగ్లిఫ్లోజిన్ కూడా 2025లో అదే దారి పట్టింది. ఇబ్బందల్లా ఆ చక్కెర తడి ముందోలు కింద నిలిస్తే ఫంగస్‌కి విందుభోజనం. షుగరు అదుపులో లేకపోతే ఈ మందు వాడనివాళ్ళకి కూడా అదే జరుగుతుంది. మూత్రం పోసుకున్నాక నీళ్ళతో కడిగి తుడుచుకుంటే చాలావరకు తప్పించుకోవచ్చు. ఆ చిన్న మాట మందు రాసేటప్పుడు చెప్పాలి. నిమిషానికో పేషెంటుని చూసే చోట ఎవరు చెప్తారు? దురదో ఎరుపో మొదలైతే మాత్ర సొంతంగా ఆపేయకుండా రాసిన డాక్టరుకి చెప్పండి. మార్చాలా, పూతమందుతో సరిపెట్టాలా అన్నది ఆయన చూసుకుంటారు.

ఇంకా ముఖ్యమైన సంగతి. షుగరుందని తెలియని మనిషికి మొదటి కబురు ఇక్కడి నుంచే రావచ్చు. రాత్రి షిఫ్టులు, బిర్యానీలు, కదలని కుర్చీ... ముప్పై అయిదుకే షుగరు వచ్చే జాతి మనది. ఎప్పుడూ మామూలుగా ఉన్న చర్మం ఈ మధ్య అంచున పగులుతోందా, బిగుస్తోందా? అయితే ఆయింట్‌మెంట్ కొనే ముందు రక్తపరీక్ష చేయించండి. ల్యాబులో "ఎందుకు" అని ఎవరూ అడగరు, సిగ్గుపడే పని కూడా లేదు.

బాబాయికి ముందు కొన్ని వారాలు షుగరు దింపి, ఫంగస్ మందు వాడారు. దురద పోయింది గానీ కట్టిన మచ్చ పోదు కదా, ఆపరేషను తప్పదన్నారు. అక్కడొచ్చింది అసలు చిక్కు. "తోలు కోస్తారంటగా. ఊళ్ళో తెలిస్తే సాయిబుల్లో కలిశాడంటార్రా" అని కూర్చున్నాడు. నేనెంత చెప్పినా విననివాణ్ణి చివరికి ఒప్పించింది ముప్పై ఏళ్ళుగా ఆ తోట కాయ కొనే సాయిబుగారే. "నాకు ఏడేళ్ళప్పుడు ఒడుగులు చేశారు, కొత్త బట్టలు పెట్టి, దండేసి, ఊరందరికీ భోజనాలు. మీకు అరవైలో చేస్తున్నారు, భోజనాలు కూడా పెట్టరు. అంతేగా తేడా" అన్నాడట. ఆయనే కారులో ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. పిన్నికి హెర్నియా అని చెప్పారు (ఆవిడకి తెలియకుండా ఉందని నేననుకోను). ఆ చోటికి మాత్రమే మత్తిచ్చి చేశారు, సాయంత్రానికి ఇంటికొచ్చేశాడు. రెండు మూడు వారాల్లో మానింది. కుట్లు వాటంతటవే కరిగాయి. కలయిక విషయంలో నెలా నెలన్నర ఆగమంటారు మామూలుగా.

తీసిన ముక్కని పరీక్షకి పంపారు. అది పంపమని మీరే అడగండి, పెద్దవయసు వాళ్ళ విషయంలో మరీను. కొందరిలో బిగుతుకి కారణం లైకెన్ స్క్లెరోసస్ అనే చర్మవ్యాధి. చర్మం తెల్లగా, అట్టలా గట్టిపడుతుంది, మూత్రనాళం దాకా పాకి దాన్ని కూడా సన్నబరచగలదు. ఇలాంటి బిగుతుతోనే ఏళ్ళ తరబడి ఉండిపోయినవాళ్ళకి అంగానికి కేన్సర్ వచ్చే అవకాశం కూడా ఎక్కువ. అరుదైన కేన్సరే, కానీ చర్మం మూసుకుపోయి ఉంటే లోపల మొదలైంది పైకి కనపడదు. గడ్డలా తగిలినా, మానని పుండు ఉన్నా, రక్తమో దుర్వాసనతో రసమో వస్తున్నా సిగ్గుపడి వాయిదా వేయకండి. బాబాయి రిపోర్టులో అలాంటిదేమీ లేదు. ఇప్పుడు పెళ్ళిళ్ళకి వెళ్తున్నాడు.

ఆపరేషను అనగానే ఈ మధ్య ఫోను తెరిస్తే చాలు లేజరు, స్టేప్లరు అని ప్రకటనలు. స్టేప్లరుతో చేయడం త్వరగా అయిపోతుంది, కత్తితో చేసినా బాగానే మానుతుంది. ఏ పనిముట్టు అన్నది రెండో ప్రశ్న, అసలు తీయాలా అన్నది మొదటిది. చర్మం మొత్తం తీయకుండా బిగుతున్న చోట మాత్రమే కోసి వెడల్పు చేసే పద్ధతి కూడా ఉంది, మచ్చ పెద్దగా లేని కుర్రవాళ్ళు దాని గురించి అడగొచ్చు. ఇన్సూరెన్సు సంగతి కూడా చూసుకోండి. చాలా పాలసీల్లో "జబ్బుకి చికిత్సగా అవసరమైతే తప్ప" సున్తీకి డబ్బివ్వమనే షరతు ఉంటుంది. ఏ జబ్బో, ఆపరేషను ఎందుకు అవసరమో డాక్టరు చేత కాగితం మీద రాయించుకుంటే క్లెయిమ్ దగ్గర తగువు తగ్గుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఒకటి రెండు రోజులు ఆగి వెళ్ళగలిగేవే, మూత్రం ఆగిపోవడం, అదిమినా ఆగని రక్తం తప్ప. గంటల్లో వెళ్ళాల్సింది ఇంకొకటి ఉంది. బిగుతు చర్మం ఎలాగో వెనక్కి వెళ్ళి, ముందుకు రాక అక్కడే రబ్బరుబ్యాండులా బిగుసుకుపోవడం. సుశ్రుతుడు దీనికి కూడా విడిగా పరివర్తిక అని పేరు పెట్టాడు, ఇప్పటి డాక్టర్లు పారాఫైమోసిస్ అంటారు. ముందు భాగం వాచిపోతుంది, వాచే కొద్దీ చర్మాన్ని ఇంకా ముందుకు రానివ్వదు, ఆలస్యమైతే రక్తప్రసారం ఆగి కండ చచ్చిపోవచ్చు. వాచిన భాగాన్ని కొన్ని నిమిషాలపాటు మెత్తగా గట్టిగా పిడికిట్లో పట్టుకుని వాపు తగ్గించి చర్మాన్ని ముందుకు తేవచ్చు. రాకపోతే అర్ధరాత్రయినా సరే దగ్గర్లో ఉన్న పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్ళిపోవాలి. ఇది కుర్రవాళ్ళకే కాదు, మంచానపడ్డ పెద్దవాళ్ళకి కూడా వస్తుంది. మూత్రానికి గొట్టం వేసేటప్పుడు చర్మం వెనక్కి జరుపుతారు, వేశాక ముందుకు తేవడం మర్చిపోతారు. మీ నాన్నగారికో తాతగారికో ఆసుపత్రిలో గొట్టం వేస్తే, నర్సు వెళ్ళిపోయే ముందే "చర్మం ముందుకు తెచ్చారా అమ్మా?" అని అడగండి.